35 ఎంఎం రేంజ్‌ఫైండర్ లెన్స్, మిర్రర్‌లెస్ బాడీ: స్కేలు చూసి తీస్తే మనుషులు మసకగా వస్తున్నారు

హార్బర్_ఉదయం (విశాఖపట్నం)
ఆదివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. నా దగ్గర సోనీ ఏ6000 మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో వోయిట్‌లాండర్ కలర్-స్కోపార్ 35 ఎంఎం ఎఫ్2.5 కొన్నాను. లైకా రేంజ్‌ఫైండర్ కెమెరాల ఎం మౌంట్ (బాడీకి తగిలించే అమరిక) లెన్స్. దానికి ఆన్‌లైన్‌లో ఒక చవక అడాప్టర్ (లెన్సుకూ బాడీకీ మధ్య వేసే రింగు) తెప్పించి తగిలించాను. లెన్సు గుప్పిట్లో పట్టేస్తుంది, ఎదుటివాళ్లు కెమెరాను పెద్దగా పట్టించుకోరు. నాకు కావలసింది అదే.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తాను. పడవలు దిగే చేపలు, వేలంపాట, బుట్టలు మోసే ఆడవాళ్లు. కెమెరా కంటికి ఆనించి ఫోకస్ చేసేలోపు ఆ క్షణం పోతుంది. అందుకే పాతవాళ్లు చేసినట్టు లెన్స్ మీది దూరం స్కేలును 3 మీటర్ల దగ్గర, ఎపర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్8 దగ్గర పెట్టి తీస్తున్నాను.

ఇంటికొచ్చి చూస్తే మూడు మీటర్లలో ఉన్న మనిషి ముఖం మసకగా ఉంటుంది, వెనకాల పడవ మీద రాసిన అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉంటాయి. ఒకటి రెండు ఫోటోల్లో కాదు, అన్నిట్లో అంతే. అదే లెన్సుతో స్క్రీన్‌లో జూమ్ చేసి ఫోకస్ పెడితే కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. లెన్స్ పాడైందా? కొన్నవాళ్లకు తిరిగిచ్చే అవకాశం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

నలభై_ఎంఎం (విజయవాడ)
ఆదివారం, మధ్యాహ్నం 12:05

ముందు షట్టర్ స్పీడ్ చెప్పండి. ఏ6000 బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) లేదు. తెల్లవారుజాము వెలుతురులో 1/60 దగ్గర తీస్తే నడుస్తున్న మనిషి ఎలాగూ చెదిరిపోతాడు.

హార్బర్_ఉదయం
ఆదివారం, మధ్యాహ్నం 12:31

1/320 కంటే తగ్గనివ్వలేదండి. ఐఎస్ఓ 3200 దాకా వెళ్లనిచ్చాను. నిలబడి ఉన్న మనిషి కూడా అలాగే వస్తున్నాడు. కదలిక వల్ల వచ్చే చెదురు కాదు ఇది, ఫోకస్ వెనక్కి పోయింది.

మల్లెపందిరి (రాజమహేంద్రవరం)
ఆదివారం, మధ్యాహ్నం 2:10

తప్పుగా అనుకోకండి, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను. మీ కెమెరాకు మంచి ఆటోఫోకస్ ఉంది. దానికోసమే చేసిన లెన్సులున్నాయి. ఇంత తిప్పలు పడి పాత పద్ధతి లెన్స్ ఎందుకు? నా దగ్గర చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ ఉంది, నాకూ ఇలాంటి లెన్స్ ఒకటి పెట్టి చూడాలని చాలాకాలంగా ఉంది. ఏం లాభమో తేలక ఆగిపోయాను.

పాతగాజు (హైదరాబాద్)
ఆదివారం, సాయంత్రం 6:45

ఇద్దరికీ కలిపి చెప్తాను. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

మల్లెపందిరి గారూ, ఈ లెన్సుల చిన్నతనానికి కారణం ఉంది. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అద్దం ఊగాలి. దానికి చోటు వదలాలి కాబట్టి వైడ్ (ఎక్కువ వెడల్పు దృశ్యం పట్టే) లెన్స్ పెద్దదవుతుంది. రేంజ్‌ఫైండర్‌లో, అంటే దూరాన్ని విడి కిటికీలోంచి కొలిచి ఫోకస్ చేసే కెమెరాలో, అద్దం లేదు. వెనక గాజు ఫిల్ముకు దగ్గరగా కూర్చోవచ్చు. 1954లో లైకా ఎం3తో వచ్చిన ఎం మౌంట్‌లో, మౌంట్ అంచు నుంచి ఫిల్ముకు దూరం 27.8 మి.మీ. అంతకుముందు లెన్సును తిప్పి బిగించే 39 ఎంఎం మరకు అది 28.8. మిర్రర్‌లెస్ బాడీలు ఇంకా పలచన: సోనీ ఈ మౌంట్ 18, ఫూజీ ఎక్స్ 17.7, మైక్రో ఫోర్ థర్డ్స్ 19.25, నికాన్ జెడ్ 16. మధ్యలో మిగిలిన ఖాళీని ఒక లోహపు రింగుతో పూడిస్తే చాలు, లెన్స్ పనిచేస్తుంది. అందులో గాజు లేదు, వైరు లేదు.

ఇక లాభం అంటారా, నాకు రెండు. ఎపర్చర్ రింగు, ఫోకస్ లివరు, దూరం స్కేలు, మూడూ వేలికి తెలుస్తాయి. కెమెరా ఆన్ చేయకముందే మూడు మీటర్లకు పెట్టుకోవచ్చు. చాలా ఆటోఫోకస్ లెన్సులకు ఇప్పుడు స్కేలే లేదు. రెండోది, ఈ లెన్సులు రేపు మీరు ఏ మిర్రర్‌లెస్ బాడీ కొన్నా దాని మీదకు వస్తాయి. రింగు మారుతుంది, అంతే. పక్షులు తీసేవాళ్లకూ పరుగెత్తే పిల్లల్ని తీసేవాళ్లకూ ఇవి వద్దని నేనే చెప్తాను.

హార్బర్_ఉదయం గారూ, మీ లెన్స్ పాడవలేదు. జూమ్ చేసి పెడితే షార్ప్‌గా వస్తోందంటే గాజులో లోపం లేదు. నా అనుమానం అడాప్టర్ మీద. మీ జత లెక్క 27.8 లోంచి 18 తీసేస్తే 9.8 మి.మీ. చవక అడాప్టర్లను కావాలనే అంతకంటే కొంచెం పలచగా కోస్తారు. మందమైతే లెన్స్ ఇన్ఫినిటీకి (అతి దూరపు ఫోకస్‌కు) చేరదు, కొన్నవాళ్లు గోల చేస్తారు. పలచనైతే ఇన్ఫినిటీ గుర్తు రాకముందే దూరం స్పష్టమవుతుంది, స్క్రీన్ చూసి ఫోకస్ చేసేవాళ్లకు తేడా తెలియదు. స్కేలు నమ్ముకున్నవాళ్లకే దెబ్బ.

ఈ రాత్రి ఒక పని చేయండి. బీచ్ రోడ్డుకు వెళ్లి, బాగా దూరంలో ఉన్న దీపాన్ని చూస్తూ ఎపర్చర్ ఎఫ్2.5 మీదే ఉంచి, పూర్తిగా జూమ్ చేసి ఫోకస్ పెట్టండి. దీపం అతి చిన్న చుక్కయినప్పుడు స్కేలు ఎక్కడుందో చూడండి.

హార్బర్_ఉదయం
ఆదివారం, రాత్రి 9:50

వెళ్లొచ్చానండి. లంగరేసిన ఓడల దీపాలు, డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్, రెండూ చూశాను. నాలుగైదుసార్లు చేశాను, అన్నిసార్లూ ఒకటే. 5 మీటర్ల గుర్తు దాటిన కొద్ది దూరంలోనే చుక్క సన్నబడుతోంది. సుమారు 6 అనుకోవచ్చు. అక్కణ్నుంచి ఇన్ఫినిటీ గుర్తు వైపు తిప్పితే మళ్లీ ఉబ్బిపోతోంది.

పాతగాజు
ఆదివారం, రాత్రి 10:35

అయితే దొరికింది. లెక్క చూడండి.

35 ఎంఎం లెన్స్‌ను 6 మీటర్లకు ఫోకస్ చేయాలంటే ఇన్ఫినిటీ స్థానం నుంచి అది దాదాపు 0.2 మి.మీ. ముందుకు జరగాలి. మీకు ఆ స్థానంలోనే ఇన్ఫినిటీ వస్తోందంటే అడాప్టర్ 0.2 మి.మీ. తక్కువ. ఇప్పుడు స్కేలును 3 మీటర్లకు పెట్టారు. అక్కడ లెన్స్ జరగాల్సింది 0.41. అడాప్టర్ మింగింది 0.2. మిగిలింది 0.21. అంత జరుగుడుకు ఫోకస్ పడేది 5.8 మీటర్ల దగ్గర.

అంటే మీరు మూడు అనుకున్నది దాదాపు ఆరు. మీ సెన్సర్ మీద ఎఫ్8లో ఆ ఫోకస్‌కు స్పష్టత మొదలయ్యేదే 3.3 మీటర్ల తర్వాత. ముఖం పోయింది, పడవ పేరు మిగిలింది. మొదటి పోస్టులో మీరు రాసింది సరిగ్గా ఇదే.

హార్బర్_ఉదయం
ఆదివారం, రాత్రి 10:48

రెండు నెలలుగా నాకు దూరం అంచనా వేయడం రాదనుకున్నానండి. టేపు పెట్టి కూడా ప్రాక్టీస్ చేశాను.

వైడ్_పిచ్చి (డాలస్)
సోమవారం, ఉదయం 7:15

పాతగాజు గారి లెక్కకు కొనసాగింపు. వైడ్ అయ్యేకొద్దీ ఈ తేడా భయంకరంగా పెరుగుతుంది. 50 ఎంఎం మీద 0.1 మి.మీ. పలచనైతే 25 మీటర్ల గుర్తు దగ్గర ఇన్ఫినిటీ వస్తుంది, ఎవరికీ పట్టదు. అదే 0.1 మి.మీ. 15 ఎంఎం మీదైతే రెండుంపావు మీటర్ల గుర్తు దగ్గరే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది. స్కేలు మొత్తం దండగ. వైడ్‌లో అంతా స్పష్టంగానే ఉంటుందిలే అనుకుని చాలామంది చూసుకోరు.

ఇంకొకటి కూడా చెప్పాలి, కొత్తగా చదివేవాళ్లకు పనికొస్తుంది. 35 కంటే వైడ్ రేంజ్‌ఫైండర్ లెన్సులు కొనేముందు ఆలోచించండి. వెనక గాజు సెన్సర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మూలలకు వెలుతురు బాగా ఏటవాలుగా వస్తుంది. ఫిల్ముకు ఏ కోణమైనా ఒకటే. సెన్సర్‌కు కాదు. దాంతో రెండు ఇబ్బందులు. మొదటిది మూలల్లో మెజెంటా రంగు. రెండోది, సెన్సర్ ముందున్న రక్షణ గాజు ఏటవాలు కిరణాన్ని వంచేసి మూలలను అలికేస్తుంది. లైకా డిజిటల్ బాడీల్లో ఆ గాజు ఒక మి.మీ. లోపే. సోనీలో సుమారు 2, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో దాదాపు 4.

రంగును సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు. తెల్ల కాగితాన్ని అదే ఎపర్చర్‌లో తీసి, దాన్ని ఆధారంగా పెట్టుకుని తీసేయొచ్చు, ఫ్లాట్ ఫీల్డ్ అంటారు. 2015లో సోనీ ఏ7ఆర్ II తో వచ్చిన బ్యాక్ ఇల్యూమినేటెడ్ సెన్సర్ తర్వాత రంగు గొడవ బాగా తగ్గింది. అలికిన మూలను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తీసుకురాలేదు. నా ఫుల్ ఫ్రేమ్ (ఫిల్ము ఫ్రేమంత సెన్సర్) బాడీ మీద పాత 15 ఎంఎం పెట్టి ఒక ఏడాది పాటు కొండలు, ఎడారులు తిరిగి తీసిన ఫోటోల్లో పెద్దగా ప్రింట్ వేయగలిగినవి చాలా తక్కువ. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

నలభై_ఎంఎం
సోమవారం, ఉదయం 9:02

ఒక్క మాట ఒప్పుకోను. ఏ6000 లాంటి ఏపీఎస్-సీ బాడీ వాళ్లను అంతగా భయపెట్టాల్సిన పనిలేదు. ఆ చిన్న సెన్సర్ లెన్స్ ఇచ్చే బొమ్మలో మధ్య భాగాన్నే వాడుకుంటుంది, బాగా వంగిన కిరణాలు దాని బయట పడతాయి. నేను 21 ఎంఎం వాడాను, ఎఫ్8కు మూలలు సరిపడా ఉన్నాయి.

వైడ్_పిచ్చి
సోమవారం, ఉదయం 9:40

అది నిజమే. నేను ఫుల్ ఫ్రేమ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను, ఆ మాట చెప్పి ఉండాల్సింది. అయితే ఆ చిన్న సెన్సర్ మీద 21 ఎంఎం 32 లాగా కనబడుతుంది. వైడ్ కోసమే కొనేవాళ్లకు అక్కడ నష్టం. అన్ని వైడ్‌లూ ఒకటి కూడా కాదు. 2015లో వచ్చిన వోయిట్‌లాండర్ 15 ఎంఎం మూడో వెర్షన్‌ను డిజిటల్ కోసం కొత్తగా డిజైన్ చేశారు. లెన్స్ పొడవు పెరిగింది, మూలలు బాగుపడ్డాయి. జైస్ 35 ఎంఎం ఎఫ్1.4 డిస్టగాన్ కూడా అంతే: పెద్దది, బరువైనది, మిర్రర్‌లెస్ మీద బాగా కూర్చుంటుంది. చిన్నగా, ఇరువైపులా సమంగా ఉండే పాత బయోగాన్ తరహా డిజైన్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

మల్లెపందిరి
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఇదంతా చదివాక నాకు వైడ్ ఆశ పోయింది, 50 ఆశ మొదలైంది! మా చిన్నాన్న గారి సామానులో జోర్కీ అనే పాత సోవియట్ కెమెరా ఒకటి ఉంది, దానికి జూపిటర్-8 లెన్స్, 50 ఎంఎం ఎఫ్2. మైక్రో ఫోర్ థర్డ్స్ మీద అది 100 లాగా కనబడుతుంది కదా, మనుషుల ఫోటోలకు బాగుంటుందనుకుంటున్నాను. లోపల తెల్లగా దారాల్లాంటిది కనబడుతోంది.

కాకినాడ_రిపేర్
సోమవారం, సాయంత్రం 4:55

మల్లెపందిరి అమ్మా, ఆ తెల్ల దారాలు బూజు. ఫంగస్. దాన్ని మిగతా లెన్సుల పక్కన పెట్టకండి. ముందు విడిగా ఒక కవర్లో పెట్టండి.

చీకటి గదిలో ఫోన్ టార్చ్ లెన్స్ వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలీడు అల్లినట్టు కొమ్మలు కొమ్మలుగా ఉంటే బూజు. పల్చగా పొగ పట్టినట్టు అంతటా ఉంటే అది హేజ్, గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకున్నది. జూపిటర్-8 లో ఆ రెండూ తుడిస్తే పోయే అవకాశం ఎక్కువ, తేలిగ్గా విప్పుకునే లెన్స్ అది. బూజు చాలాకాలం ఉంటే కోటింగ్ తినేస్తుంది, తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది. అయినా ఫోటోలు వస్తాయి, ఎదురు వెలుతురులోనే తేడా. మీరు స్వయంగా విప్పకండి. ఫోకస్ మర ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోకుండా తీస్తే తిరిగి బిగించడానికి రోజంతా పడుతుంది.

మన తీరం ఊళ్లలో ఇది నేను రోజూ చూసే జబ్బు. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తారు, తోలు తేమ పీలుస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టుకోండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండిపోయినా గ్రీజుకు మంచిది కాదు. జెల్ రంగు మారితే బాణలిలో సన్నని సెగ మీద వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

హార్బర్‌లో తిరిగే అబ్బాయికి కూడా ఒక మాట. ఉప్పు గాలిలోంచి ఇంటికి రాగానే లెన్స్ పైభాగం కొద్దిగా తడి చేసిన మెత్తటి గుడ్డతో తుడు నాయనా. ఉప్పు ఉన్నచోట తేమ ఉంటుంది.

పాతగాజు
సోమవారం, రాత్రి 8:30

జూపిటర్-8 నాకు చాలా ఇష్టమైన లెన్స్, అందుకే నాలుగు మాటలు. జర్మనీలోని జైస్ కంపెనీ సొనార్ డిజైన్ అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ వాళ్లు అక్కడి గాజు, పరికరాలు తీసుకెళ్లి మొదలుపెట్టారు. ఆరు గాజు ముక్కలు మూడు గుంపులుగా ఉంటాయి. ఎఫ్2 దగ్గర ముఖం మీద మెత్తదనం, వెనకాల గుండ్రంగా కరిగే బ్లర్. ఎఫ్5.6కు వచ్చేసరికి ఇప్పటి లెన్సులకు పెద్దగా తీసిపోదు.

ఈ లెన్స్‌ను లైకా మీద పెట్టినవాళ్లు దగ్గరి ఫోకస్ తప్పుతోందని ఎప్పుడూ బాధపడేవారు. కారణం లెన్స్ నాణ్యత కాదు. లైకా రేంజ్‌ఫైండర్ యంత్రాంగం 51.6 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఆధారంగా చేసింది, సోవియట్ లెన్సులు జైస్ దారిలో 52.4 ఆధారంగా చేసినవి. కొద్ది తేడాయే, కానీ ఎఫ్2లో రెండు మీటర్ల లోపు కన్ను బదులు చెవి షార్ప్‌గా వస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఆ యంత్రాంగానికి పనే లేదు, సెన్సర్ మీద పడిన బొమ్మనే మనం చూస్తాం. దశాబ్దాల పాటు ఈ లెన్స్ మోసిన నింద ఇక్కడ ఊడిపోతుంది. నాకు మిర్రర్‌లెస్ మీద గౌరవం కలిగింది అప్పుడే.

మల్లెపందిరి గారూ, రెండు జాగ్రత్తలు. మీ లెన్స్ జోర్కీ నుంచి మర తిప్పితే ఊడేదైతే 39 ఎంఎం రేంజ్‌ఫైండర్ మరే, దానికి తగిన రింగు తీసుకోండి. అదే కొలత మర ఉన్న పాత జెనిత్ ఎస్ఎల్ఆర్ లెన్సులూ మార్కెట్లో ఉన్నాయి, వాటి దూరం వేరు, ఈ రింగు మీద అవి ఫోకస్ కావు. రెండోది, ఇది ఒక మీటర్ కంటే దగ్గరికి ఫోకస్ కాదు. చంటిపిల్లల చేతివేళ్లు తీయాలంటే లోపల మర ఉండి సాగే అడాప్టర్ వస్తుంది, అది చూడండి.

కెమెరా మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేసే సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోకండి. ఈ రింగుల్లో వైర్లు లేవు కాబట్టి కెమెరాకు లెన్స్ ఉన్నట్టే తెలియదు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే 50 అని చేత్తో ఎక్కించాలి. ఫోటోలో ఎపర్చర్ వివరం కూడా నమోదు కాదు. నేను చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటాను.

హార్బర్_ఉదయం
బుధవారం, సాయంత్రం 6:10

ఇవాళ గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డుకు అడాప్టర్ పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిచారు. 9.61, 9.60, 9.61, 9.60. పాతగాజు గారు ఇంట్లో కూర్చుని చెప్పిన 0.2 అక్షరాలా అదే! నాకు ఒళ్లు జలదరించింది.

నాలుగు చోట్లా దాదాపు ఒకేలా ఉంది కాబట్టి వంకర లేదని ఆయన అన్నారు. షిమ్ (సందులో పెట్టే పలుచని రేకు) వేయొచ్చా, కొత్త అడాప్టర్ కొనాలా?

కాకినాడ_రిపేర్
బుధవారం, సాయంత్రం 7:25

నన్నడిగితే మంచి అడాప్టరే కొనమంటాను. షిమ్ జారినా, ఒక పక్క నొక్కుకున్నా ఫోటో ఒకవైపు మసకవుతుంది, మళ్లీ లెన్సునే అనుమానిస్తావు.

పాతగాజు
బుధవారం, రాత్రి 8:15

ఆయన భయంలో నిజముంది. అయినా మందం అంతటా సమంగా ఉంటే షిమ్ బాగానే పనిచేస్తుంది, నేను రెండు అడాప్టర్లకు వేసి ఏళ్లుగా వాడుతున్నాను. లెన్స్ కూర్చునే వైపు చిన్న స్క్రూలు ఉంటాయి. అవి తీస్తే పై రింగు ఊడుతుంది. 0.1 మి.మీ. ఇత్తడి రేకును రింగు ఆకారంలో కోసి ముందు ఒకటి పెట్టండి, దీపం పరీక్ష చేయండి. తర్వాత రెండోది. 9.8 కంటే వెంట్రుకవాసి తక్కువుంటేనే మేలు. ఎక్కువైతే ఇన్ఫినిటీ పోతుంది. స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

నలభై_ఎంఎం
బుధవారం, రాత్రి 9:00

అది సరిచేశాక ఇంకొకటి పట్టుకుంటుంది, ఇప్పుడే చెప్తున్నాను. లెన్స్ మీద చెక్కిన డెప్త్ గీతలు ఫిల్ము ఫ్రేముకు వేసినవి. 3 మీటర్లు, ఎఫ్8 పెడితే ఆ గీతలు సుమారు 1.9 నుంచి 7.3 దాకా స్పష్టమని చూపిస్తాయి. ఏపీఎస్-సీలో బొమ్మను ఎక్కువ పెద్దది చేసి చూస్తాం కాబట్టి వాస్తవంగా దొరికేది 2.2 నుంచి 4.9. గుర్తు పెట్టుకోవడానికి సులువు: ఎఫ్8లో తీస్తూ ఎఫ్5.6 గీతలను చూడండి.

హార్బర్_ఉదయం
ఆదివారం, ఉదయం 9:35

రెండు రేకులు వేశాను. మొన్న రాత్రి పరీక్షలో లైట్‌హౌస్ దీపం ఇన్ఫినిటీ గుర్తుకు ఒక గీత ముందు సన్నబడింది. అదే కావాలనుకున్నాను, అలాగే వదిలేశాను.

ఇవాళ నాలుగున్నరకే హార్బర్‌కు వెళ్లాను. 3 మీటర్లు, ఎఫ్8, నలభై_ఎంఎం గారు చెప్పిన గీతలు. కెమెరా ఛాతీ దగ్గరే ఉంచి తీశాను. ఇంటికొచ్చి మొదటి ఫోటో తెరిచాను. వేలంపాటలో వేళ్లు ఎత్తి ధర చెప్తున్న ఆవిడ, నుదుటి బొట్టు, చెంప మీద అంటుకున్న చేప పొలుసు, అన్నీ కనబడుతున్నాయి. వెనక పడవ పేరు ఈసారి కొంచెం మెత్తగా ఉంది. నూట పన్నెండు ఫోటోల్లో ఎనభై దాకా ఉంచుకోదగ్గవి. ఆ ఫోటో ప్రింట్ వేయించి వచ్చే ఆదివారం ఆవిడకు ఇస్తాను.

పాతగాజు గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

పాతగాజు
ఆదివారం, ఉదయం 10:20

ఇంకో ప్రింట్ తీయించి ఆటోనగర్ పెద్దాయనకూ ఇవ్వండి. ఉప్పు తుడిచారా?

హార్బర్_ఉదయం
ఆదివారం, ఉదయం 10:24

తుడిచానండి. లెన్స్ డబ్బాలో ఉంది, మీటరు 46 చూపిస్తోంది.